హోమీ ముద్ర

స్నేహమనేది ప్రభుత్వ ముద్ర లేకుండా సాగకూడదని షికాగో నగరం ఎట్టకేలకు గ్రహించింది. నేస్తాన్ని 'హోమీ' అని పిలుచుకునే నల్లవాళ్ల పేటలో 'హోమీ పిలుపుల నియంత్రణ శాఖ' అలా వెలిసింది.

చర్చి పెద్ద టాలివర్ గారు పొద్దున్నే వరుసలో నిలబడ్డారు. ఆయన స్నేహితుడు థర్మన్‌కు మధ్యాహ్నం గుండె ఆపరేషన్. లోపలికి తీసుకెళ్లేముందు చెయ్యి పట్టుకుని ప్రార్థన చేస్తానని మాటిచ్చారు. ఆసుపత్రిలోకి రక్తసంబంధీకులనూ, ముద్ర పడిన హోమీలనూ తప్ప రానివ్వరు.

"మీదే ఊరు పెద్దాయనా?" అంది కిటికీ వెనక గుమాస్తా వెర్నెల్.

"మిసిసిపీలో యాజూ తల్లీ."

"ఆయనది?"

"అలబామా."

"కుదరదు. మన తాతలు దక్షిణాది నుంచి రైలెక్కి ఇక్కడికొచ్చాక, సొంతూరివాడు కనబడితే పిలుచుకున్న మాటండీ అది. హోమీ అంటే మనూరోడు. మొదటి అర్థం."

(ప్రభువుది నజరేతు. శిష్యుల్లో ఆ ఊరివాడు ఒక్కడూ లేడు. ఈ శాఖ అప్పుడే ఉండుంటే కడరాత్రి భోజనానికి ఆయన ఒక్కరే కూర్చునేవారు.)

"ఏళ్ల తరబడి ఒకే వీధిలో ఉన్నాం కదమ్మా!"

"మన పేటోడు అనేది రెండో అర్థం. మీ వీధికి పేరు మార్చారుగా? పాత పేరు మీద చేసిన స్నేహం చెల్లదు."

"నాకోసం ప్రాణమిస్తాడమ్మా వాడు!"

"అది మూడో అర్థం. ఆ అధికారి సెలవులో ఉన్నాడు. హోమీతో చేపలు పట్టడానికి వెళ్లాడు."

(వాళ్లిద్దరిదీ ఏ ఊరో ఎవరూ అడగలేదు.)

టాలివర్ గారి ముఖం చూసి వెర్నెల్ మనసు కరిగింది. మనవాళ్లలో ఎవరైనా చివరికి అడిగే ప్రశ్నే అడిగింది.

"ఇంతకీ యాజూలో మీవాళ్లెవరు?"

"టాలివర్లు. మా అమ్మ మొక్కజొన్న రొట్టె చేసిన ఆదివారం పాస్టరు గారు ప్రసంగం సగంలో ఆపేసేవారు."

"ఓరి దేవుడా! మా నాయనమ్మ చచ్చేదాకా ఆ రొట్టే తలుచుకుంది! మాదీ యాజూయే! ముందే చెప్పొద్దూ, హోమీ!"

ముద్ర ఠపీమని పడింది. టాలివర్ గారు దేవుణ్ణి స్తుతిస్తూ, మోకాళ్ల నొప్పులు మరిచి ఆసుపత్రికి పరుగెత్తారు.

కాపలావాడు కాగితాన్ని ఆసాంతం చదివి, భక్తిగా టోపీ తీశాడు.

"అన్నీ సక్రమంగా ఉన్నాయి సార్. ఇందులో మీ హోమీ వెర్నెల్ గారని ఉంది. ఆవిడకి జబ్బు చేసినప్పుడు రండి."