ఎలుకలు బలపడిన వైనం

మా విశ్వవిద్యాలయం ఏటా ఇచ్చే ఉత్తమ వైద్య పరిశోధన పురస్కారం ఈసారి నీరసం మాత్రకు దక్కిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. చిక్కి శల్యమైనవాళ్లను ఈ మాత్ర లేపి నిలబెడుతుంది. మనుషుల సంగతి ఇంకా తేలలేదు గానీ, ఎలుకలను మాత్రం నిలబెట్టింది. మాత్ర కరిగించి పోసిన నలభై ఎలుకలూ మూడు నెలల్లో బొద్దుగా, నున్నగా తయారయ్యాయి. పోయని నలభై ఎప్పటిలాగే ఈసురోమంటున్నాయి.

ఈ ఫలితం వెలువడిన మర్నాడే మా ఆసుపత్రివారు నీరసం వార్డులో రోగులకిచ్చే పాలు, గుడ్డు ఆపేసి మాత్ర పెట్టారు. శాస్త్రం మీద ఇంత గురి ఉన్న ఆసుపత్రి మరొకటి ఉంటే చూపించండి.

పురస్కార సభనాటి ఉదయం, మాత్ర కనిపెట్టిన ఆచార్యులవారు అద్దం ముందు ఉపన్యాసం వల్లె వేస్తుండగా ఎలుకల గది ఆయమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. పదకొండేళ్లుగా బోనులు కడిగేది ఆవిడే. ఆవిడ కూతురు నీరసం వార్డులో పదహారో నంబరు మంచం మీద ఉంది.

"తప్పయిపోయిందయ్యా. గొంతులో గొట్టం పెట్టి మందు పోస్తుంటే ఆ నలభై ఎలకలూ గిలగిల్లాడేవి. చూడలేక నా అన్నం డబ్బాలోంచి రోజూ ఇంత పడేసేదాన్ని. అందుకే ఒళ్లు చేశాయి. మా పిల్లకి ఆ గుడ్డు మళ్లీ ఇప్పించండి."

"మరి మిగతా నలభైకి?"

"వాటికేం కష్టమొచ్చిందని పెట్టాలయ్యా?"

ఆచార్యులవారు ఉపన్యాసం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆయన నిజం దాచే మనిషి కాదు. నేరుగా వెళ్లి ఉపకులపతిగారి చెవిన వేశారు. అత్యవసర సంఘం కూర్చుని పావుగంటలో లేచింది. పతకం మీద పేరు చెక్కడం పూర్తయినందున ఫలితం చెల్లుతుందని తీర్మానించింది. ప్రయోగశాలలోకి బయటి తిండి తెచ్చినందుకు ఆయమ్మకు సంజాయిషీ నోటీసు ఇచ్చింది. మాత్ర డబ్బా మీద ఒక వాక్యం చేర్చింది: "కడుపునిండా భోజనం చేసిన తర్వాతే వాడవలెను." గుడ్డు ప్రస్తావన ఎజెండాలో లేదు.

"ఈ విజయం నాది కాదు, ఆ మూగజీవాలది!" అన్నారు ఆచార్యులవారు సభలో, పతకం అందుకుంటూ. చప్పట్లతో హాలు మారుమోగింది. ఆయమ్మ కుర్చీలు సర్దుతూ వింది.

ఆ మర్నాటి నుంచి ఆవిడ మధ్యాహ్నం తినడం మానేసి, తన అన్నం డబ్బాను ఆసుపత్రి వెనక గేటు దారిన పదహారో మంచానికి చేరవేసింది. నెల తిరిగేసరికి పిల్ల లేచి నడిచింది. దాంతో మాత్ర మనుషుల మీదా పనిచేస్తుందని తిరుగులేకుండా రుజువైంది. ఆ పిల్ల ఫొటోతో వచ్చే ఏటి పురస్కారానికి దరఖాస్తు కూడా సిద్ధమైంది.

ఆయమ్మకే ఈమధ్య అడుగు తీసి అడుగు వేయడం కష్టంగా ఉంది. విశ్వవిద్యాలయం పెద్ద మనసు చేసుకుని ఆవిడకు నెలకు సరిపడా మాత్రలు ఉచితంగా ఇచ్చింది.

అనుమానం ఉన్నవాళ్లు స్వయంగా వాడి చూడవచ్చు. మీరు మూడు పూటలా తింటారు కాబట్టి, మీకు తప్పకుండా పనిచేస్తుంది.