బుజ్జి అను శబ్దమునకు హక్కుదారు

ఒక పేరుకు ఒకే అర్థం ఉన్న రోజునే నాగరికత మొదలవుతుందని పురపాలక సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ సమయానికి బుజ్జి ఒక స్కూలు చొక్కాకు కాజాలు కుడుతోంది. నాగరికత మొదలైన సంగతి ఆమెకు తెలియలేదు.

తీర్మానానికి కారణం లేకపోలేదు. "బుజ్జి వాళ్లింటికి నీళ్లు రావడం లేదు" అని ఎవరో సంఘం యాప్‌లో ఫిర్యాదు పెట్టారు. నీళ్ల ట్యాంకరు ఊళ్లో ఉన్న బుజ్జిలందరి ఇళ్లకూ వెళ్లింది, నీళ్లు రాని బుజ్జి ఇంటికి తప్ప. (కొళాయిలు బాగుచెయ్యడం కంటే పేర్లు బాగుచెయ్యడం చవకని ఇంజనీర్లు తేల్చారు.) వెంటనే నామ స్పష్టీకరణ విభాగం పుట్టింది. దానికి ఒక అధికారి, ఒక గుమాస్తా, ఒక గది, గదికి ఒక తాళం మంజూరయ్యాయి. తాళంచెవి మాత్రం వచ్చే బడ్జెట్లోకి వెళ్లింది. అందుకని విభాగం వరండాలో పనిచేసేది.

బుజ్జికి నోటీసు దుకాణం షట్టరు మీద కనిపించింది. 'బుజ్జి' అను శబ్దమును ఆమె ఏ అధికారముతో వాడుచున్నదో విచారణకు వచ్చి చెప్పవలెను. అంతవరకు 'బుజ్జి టైలర్స్' అన్న బోర్డును కప్పి ఉంచవలెను. లేనిచో దుకాణం లైసెన్సు రద్దు.

ఆమె లైనింగు గుడ్డతో బోర్డు కప్పింది. పీలికలు వేలాడుతూ ఉంటే చూడలేక, గుడ్డకు అంచు మడిచి కుట్టి మరీ కప్పింది.

"ఇదిగో, అంత నీటుగా కప్పితే ఇలాగే ఉంచెయ్యమంటారు," అన్నాడు భర్త. ఆయన స్కూలు బస్సు డ్రైవరు. పెళ్లయినప్పటి నుంచీ భార్యను 'ఇదిగో' అనే పిలుస్తాడు.

"మీకేమండీ, మీ 'ఇదిగో'కి ఏ నోటీసూ రాలేదు," అంది బుజ్జి.

"రాదని ఏముందిలే."

కాగితాల్లో ఆమెకు వేరే పేరుంది. పొడుగాటిది. దాన్ని పిలిచేవాళ్లెవరూ లేక, ఎక్కడైనా సంతకం చెయ్యాల్సి వస్తే ఒక్క క్షణం ఆగి గుర్తు తెచ్చుకుంటుంది. ఆ సంగతి ఆమెను పెద్దగా బాధపెట్టలేదు. బాధంతా దుకాణం వెనక గదిలో ఉంది.

ఆ గదిలో ఆమె తల్లి మంచం పట్టి ఉంది. ఆవిడకు మాటలు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. మొగుడి పేరు వెళ్లింది, నీళ్లు వెళ్లాయి, పగలూ రాత్రీ వెళ్లాయి. చివరికి 'బుజ్జి' ఒక్కటే మిగిలింది. ఆవిడ దానితోనే కాపురం నెట్టుకొస్తోంది. పొట్టిగా "బుజ్జీ" అంటే దాహం. సాగదీస్తే దుప్పటి. గట్టిగా అరిస్తే కరెంటు పోయింది. గొంతులోనే సణిగితే కూర బాగాలేదు. ఇవన్నీ తెలిసింది లోకంలో ఒక్క మనిషికే. ఆ మనిషి మిషను మీద కూచునే "ఆఁ, వస్తున్నా" అంటుంది. ఆ రెండు మాటలు వింటే చాలు, పని అయ్యేలోపే ముసలావిడ సగం కుదుటపడుతుంది.

విచారణ రోజున వరండా నిండిపోయింది. గుమాస్తా గొంతు సవరించుకుని "బుజ్జి!" అని పిలిచాడు. అందరూ లేచారు. గుమాస్తా దాన్ని క్రమశిక్షణారాహిత్యం కింద రాసుకుని మళ్లీ పిలిచాడు. ఈసారి భయపడి ఎవరూ లేవలేదు. అందరికీ గైర్హాజరు పడింది.

వచ్చినవాళ్లలో చీపురు మీసాల లారీ మెకానిక్ ఒకడు. ఎనభై దాటినా తమ్ముళ్లకు ఇంకా బుజ్జి అక్కయ్యగానే ఉన్న రిటైర్డు హెడ్మాస్టరమ్మ ఒకావిడ. తండ్రి భుజం మీద నిద్రపోతున్న పసిపిల్ల ఒకతె. బుజ్జి సందు తరఫున, సందు రాలేకపోయినందున, మలుపులో ఇల్లున్నాయన వచ్చాడు. చివర్న ఒక పళ్ల డాక్టరు, ఆయన కుర్చీ కింద ఒక గోధుమరంగు కుక్క.

స్పష్టీకరణాధికారి సన్నగా, ఇస్త్రీ చెదరకుండా ఉన్నాడు. నిఘంటువు తెరిచాడు.

"బుజ్జి అంటే చిన్నది, ముద్దైనది. ముద్దుకు ప్రమాణాలు ఇంకా ఖరారు కాలేదు. ముందు చిన్నతనం కొలుద్దాం. ఎవరి దగ్గరైనా టేపు ఉందా?"

అందరూ బుజ్జి వైపు చూశారు. టేపు ఎప్పట్లాగే ఆమె మెడలో ఉంది. ఆ విధంగా విచారణకు వచ్చిన మనిషే విచారణ సిబ్బంది అయింది. (జీతం లేకుండా.) వరసగా అందర్నీ కొలుస్తూ గుమాస్తాకు అంకెలు చెప్పింది.

మెకానిక్ ఊపిరి బిగబట్టి, వంగి, "అక్కా, ఛాతీ కాస్త తగ్గించి చెప్పవా," అని గుసగుసలాడాడు.

"తగ్గించి చెబితే చొక్కా పట్టదు తమ్ముడూ."

"చొక్కా కాదక్కా, పేరు! మా ఆవిడ కోపం వస్తే అసలు పేరుతో పిలుస్తుంది. బుజ్జీ అందంటే అన్నం పెడుతుందన్నమాట. ఇది పోతే నాకెలా తెలుస్తుంది?"

బుజ్జి టేపు కొంచెం బిగించి పట్టుకుంది. అంతకంటే ఏమీ చెయ్యలేకపోయింది.

ఆమె వంతు వచ్చింది.

"మీ విషయంలో బుజ్జి అంటే అర్థం ఏమిటమ్మా?"

"ఏ వేళకి ఏది కావాలంటే అది సార్," అని తల్లి సంగతంతా చెప్పింది. దాహం, దుప్పటి, కరెంటు, కూర.

అధికారి రాసుకుంటూ రాసుకుంటూ ఆగాడు. "ఒక్క మాటకు ఇన్ని అర్థాలా? ఇది చాలా తీవ్రమైన కేసు."

"ఇంట్లో మిమ్మల్ని ఏమని పిలుస్తారు సార్?" అంది ఆమె, ఉండబట్టలేక.

"సార్ అని," అన్నాడాయన. వరండాలో ఎవరూ నవ్వలేదు.

తీర్పు చిక్కు లేకుండా వచ్చింది. తక్కిన అందరికీ కాగితాల్లో వేరే పేర్లున్నాయి. 'బుజ్జి' అని అచ్చులో, సీలుతో, ఫొటోతో ఉన్నది ఒక్క కుక్క లైసెన్సులోనే. కాబట్టి పట్టణ పరిధిలో బుజ్జి అనగా సదరు కుక్క. ఇతరులు ఆ పేరుతో పిలవరాదు, పిలిస్తే పలకరాదు. పిలిచేవారు వృద్ధులు, రోగులు అయితే వారికి మినహాయింపు ఉంది. పలికేవారికి లేదు. పలికితే లైసెన్సు రద్దు. కుక్క నిరభ్యంతర పత్రం ఇస్తే పునఃపరిశీలించవచ్చు గానీ, దాని వయసు మూడేళ్లే. మైనరు వేలిముద్ర చెల్లదు.

పళ్ల డాక్టరు సిగ్గుతో చచ్చిపోతూ దగ్గరికొచ్చాడు. "అమ్మా, మావాడి తప్పేం లేదు. వాడసలు పిలిస్తే పలకడు."

"వాడే నయం," అంది ఆమె.

(చట్టాన్ని గౌరవించి ఇకపై ఈ కథలో ఆమెను దర్జీ అనే అంటాం.)

ఆ వారమంతా దర్జీ ఇంట్లో కొత్త పద్ధతి నడిచింది. తల్లి పిలవగానే పలక్కుండా పరుగెత్తేది. పని అయ్యేది గానీ, ముసలావిడ మాత్రం గుమ్మం వైపు చూస్తూ మళ్లీ మళ్లీ పిలిచేది. ఆవిడకు కావలసింది నీళ్లు ఒక్కటే కాదు, నీళ్లకంటే ముందు వచ్చే ఆ "ఆఁ". తల్లికి దుప్పటి కప్పుతూ దర్జీ పెదాలు బిగించుకునేది. బయటికొచ్చాక మిషను తొక్కుతూ, ఎవరికీ వినపడకుండా, ఆలస్యంగా "ఆఁ" అనుకునేది.

ఒక మధ్యాహ్నం అమలు తనిఖీకి అధికారే స్వయంగా వచ్చాడు. స్టూలు మీద కూచుని కలం తీశాడు. భర్త గోడకు ఆనుకుని నిలబడ్డాడు. దర్జీ కాలరు కుడుతోంది.

"బుజ్జీ," అంది లోపల్నుంచి తల్లి. పొట్టిగా.

మిషను ఆగింది. దర్జీ లేవబోయింది. లేచినా పలికినట్టే రాసుకుంటారేమోనని భర్త కళ్లతోనే వద్దన్నాడు. ఆయన చూపు అధికారి కలం మీద ఉంది.

"బుజ్జీ."

దర్జీ సూది కింద గుడ్డను రెండు చేతులా పట్టుకుని ఉండిపోయింది. దుకాణం అద్దె, లైసెన్సు, తల్లి మందులు అన్నీ ఆ గుడ్డ మీదే ఉన్నట్టు చూసింది. కళ్లు నిండి కుట్టు కనపడలేదు.

మూడోసారి పిలుపు మారింది. సన్నగా, కొసన వణుకుతూ వచ్చింది. అలాంటిది దర్జీ కూడా ఎప్పుడూ వినలేదు. స్టూలు కిర్రుమంది.

"ఆఁ... వస్తున్నానమ్మా," అన్నాడు అధికారి.

అన్నాక ఆయనే ఉలిక్కిపడ్డాడు. కానీ అప్పటికే లేచి నిలబడ్డాడు. నిలబడ్డ మనిషి మళ్లీ కూచోవడం ఎలాగో తెలియక లోపలికి వెళ్లాడు. గ్లాసు తప్పుగా పట్టుకుని సగం నీళ్లు తన చొక్కా చేతి మీదే పోసుకున్నాడు. మిగతా సగం ఆవిడ తాగింది. తాగి, ఆయన తడిచెయ్యి పట్టుకుని, నెమ్మదిగా "బుజ్జి," అంది. ఆవిడ చేతిలోంచి తన చెయ్యి తీసుకోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

బయటికొచ్చి అడిగాడు. "అమ్మా, నీళ్లు తాగేశాక ఒకసారి అన్నారు. ఆ చివరిదానికి అర్థం ఏమిటి?"

"దానికేం లేదు సార్. అడగడం కాదు. ఎదురుగా ఉన్నావని."

ఆయన తల ఊపి, కలానికి మూత పెట్టి, రాయకుండానే వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం దర్జీ బోర్డు మీది గుడ్డకు వేసిన ముడులు వదులు చేసింది. మనిషి మంచివాడే అనుకుంది.

మనిషి మంచివాడే. ఆఫీసుకు వెళ్లాక జరిగింది జరిగినట్టు రాశాడు. దాని మీద సంఘం ఉత్తర్వు పదిరోజుల్లో వచ్చింది. సదరు చిరునామాలో నిషిద్ధ శబ్దానికి అనధికార వ్యక్తి ఒకరు పలికినట్టు గుర్తించడమైనది. ఆ వ్యక్తి పురపాలక ఉద్యోగి అయినందున తదుపరి చర్య అవసరం లేదు. కన్నతల్లి మూడుసార్లు పిలిచినా పలకనందుకు దర్జీని ఈ ఏటి ఆదర్శ పౌరురాలిగా ఎంపిక చెయ్యడమైనది.

ప్రశంసాపత్రం ఇచ్చేటప్పుడు వేదిక మీది నుంచి పిలవగానే పలకవలెనని కింద చిన్న అక్షరాలతో ఉంది.