పడవకి తాళం

పొద్దున్నే లేచి, తలుపుకి తాళం వేసి, ఎండ ముదరకముందే రేవుకి చేరి చెక్క పడవ ఎక్కాలి. రాత్రంతా నది మీదే గడిపి, తెల్లవారేసరికి నది సముద్రంలో కలిసేచోట సూర్యుడు పైకి రావడం చూడాలి. నర్సమ్మ వేసుకున్న ప్లాను ఇంతే. ఇందులో చెడగొట్టడానికేముందని ఎవరైనా అనుకోవచ్చు. ఆవిడ మొగుడెవరో తెలియనివాళ్ళు అనుకోవచ్చు.

ఆ మొగుడు బ్యాంకులో లాకర్ల గది గుమాస్తా. వీధంతా ఆయన్ని తాళంకప్ప అంటారు. తాళం వేస్తాడు, లాగి చూస్తాడు, నాలుగడుగులు వేస్తాడు, వెనక్కొచ్చి మళ్ళీ లాగుతాడు. పోనీ అంతటితో వదుల్తాడా? సగం దారిలో "వేశానంటావా?" అని మొదలెడతాడు. కొండ చూద్దామని బయల్దేరితే, కొండ కనబడుతుండగా బస్సు దిగి వెనక్కొచ్చారు. చెల్లెలి కూతురి పెళ్ళికి వెళ్ళేసరికి కుర్చీలు ఎత్తేస్తున్నారు. ఆవిడ కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆయన ఒక్క ప్రయాణం సవ్యంగా సాగనిచ్చిన పాపాన పోలేదు. అందుకే ఈసారి ఆవిడ పడవ ఎంచుకుంది. నీళ్ళ మధ్యలో దిగిపోవడం ఎవరి తరమూ కాదు కదా. తను నర్సుగా చేసే ఆస్పత్రిలో కాళ్ళావేళ్ళా పడి మూడు రోజుల సెలవు కూడా సంపాదించింది.

"లాగండి, ఊడొచ్చేదాకా లాగండి!" అంది గుమ్మం ముందు నిలబడి. "ఒక్క మాట చెబుతున్నా. ఈసారి వెనక్కి తిరిగారో, మీరూ మీ తాళమూ కాపురం చేసుకోండి. నేనొక్కదాన్నే పోతా."

"నేనిప్పుడేమన్నానే?" అన్నాడాయన, ఇంకోసారి లాగుతూ.

రేవులో పడవని చూడగానే ఆవిడ కోపం సగం దిగింది. నల్లగా నూనె పట్టించిన పాత చెక్క పడవ. పైన చాపల కప్పు, లోపల చిన్న గదులు, కిటికీ పక్కనే మంచం. పడవ నడిపే ముసలి సరంగు నీళ్ళ వంక చూసి తొందరపెట్టాడు.

"నీళ్ళు సముద్రం వైపు లాగుతున్నాయమ్మా. ఇప్పుడు కదిలితేనే తెల్లారేసరికి అక్కడుంటాం. ఎదురు తిరిగాయా, ఇవాళ్టికి ఇక లేనట్టే."

సరిగ్గా అప్పుడే తాళంకప్ప మొహం పాలిపోయింది. "పెరటి తలుపు గడియ పెట్టానంటావా?"

ఆవిడ పళ్ళు కొరికింది. ఆయన అప్పటికే పక్కింటి వడ్రంగికి ఫోను కలిపేశాడు. "బావగారూ, మా పెరటి తలుపు ఓసారి తోసి చూడండి. పనిలో పని, వీధి తాళం కూడా గట్టిగా లాగి చూడండి."

ఈలోగా సరంగు తాడు విప్పబోయాడు. "ఆగవయ్యా, కబురు రానీ!" అంటే అతను వినలేదు. నీళ్ళ మాట వినేవాడు ఈయన మాటెందుకు వింటాడు? తాళంకప్ప గబగబా సూట్‌కేసుకి కట్టుకునే ఇనప గొలుసు తీసి, పడవ ముక్కుకున్న రింగులో దూర్చి, రేవు స్తంభానికి చుట్టి, తాళం నొక్కేశాడు.

సరంగు కళ్ళు ఎర్రబడ్డాయి. "నా పడవకి తాళమా! మా తాతల నాటి పడవయ్యా ఇది. దీన్ని గాలి ఆపింది, వరద ఆపింది. తాళం వేసిన మొనగాణ్ణి ఇవాళే చూస్తున్నా!"

అంతలో ఫోను మోగింది. "బావగారూ, పెరటి తలుపు భేషుగ్గా ఉంది. వీధి తాళం మాత్రం..."

"మాత్రం?"

"నా చేతిలో ఉంది. గొళ్ళెంతో సహా ఊడొచ్చింది."

"దొంగ! దొంగ!" అని అరిచాడు తాళంకప్ప. చేతిలో తాళం ఉంది కాబట్టి వడ్రంగి ఫోను స్పీకర్లో పెట్టుకున్నాడు. వీధి వీధంతా విన్నది. మేడమీదాయన కర్ర పట్టుకుని దిగొచ్చాడు.

"నేను దొంగనా?" వడ్రంగి గొంతు పడవంతా మోగింది. "లాగమన్నదెవరు? ఇన్నేళ్ళూ లాగీ లాగీ మేకులు వదులు చేసిందెవరు? పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే!" ఫోను ఠక్కున పెట్టేశాడు.

"దిగవే, ఇల్లు దోచేస్తారు!" అన్నాడు తాళంకప్ప.

"ముందు ఆ గొలుసు విప్పండి."

ఆయన గొలుసు ఓసారి లాగి చూశాడు. "తాళంచెవి ఇంట్లో ఉంది. బీరువా వెనక. ప్రయాణంలో పోతుందేమోనని దాచిపెట్టొచ్చాను."

"గొడ్డలి తెస్తానుండండి," అన్నాడు సరంగు.

"ఆ గొలుసు గొడ్డలికి తెగదు," అన్నాడు తాళంకప్ప, కాస్త గర్వంగానే.

"గొలుసుకని ఎవరన్నారు?"

నర్సమ్మకి ఒళ్ళు మండిపోయింది. "ఇన్నేళ్ళూ మీ వెంట వెనక్కి తిరిగాను. రాత్రి డ్యూటీలు చేసీ చేసీ, తెల్లవారడమంటే వార్డు కిటికీలోంచి చూడటమే అయిపోయింది నాకు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కళ్ళారా చూద్దామనుకుంటే, ఆ ముచ్చటకీ తాళం వేశారు కదండీ!" కన్నీళ్ళొచ్చాయి. కోపంతో తుడిచేసుకుంది. ఆయన చేతిలోంచి ఫోను లాక్కుని వడ్రంగికి తనే చేసింది.

"దొంగని పట్టుకుని తాళంచెవి తెమ్మంటావా చెల్లెమ్మా? రేపు అదీ నేనే కాజేశానంటాడు!"

"ఆయన మొహం చూసి కాదు అన్నయ్యగారూ, నా మొహం చూసి తెండి. వదినని కూడా తీసుకురండి."

నీళ్ళు ఇంకా సముద్రం వైపే లాగుతుండగా వడ్రంగి దంపతుల స్కూటరు రేవులో ఆగింది. తాళంకప్ప ఎదురు పరిగెత్తాడు. క్షమించమనడానికి కాదు.

"ఇంటి దగ్గరెవరున్నారు?"

"మేడమీదాయన. కాసేపే ఉంటానన్నాడు. తలుపు బార్లా తీసుంది," అన్నాడు వడ్రంగి, తాళంచెవి సరంగు చేతిలో పెడుతూ.

"అయ్యో నా ఇల్లు! రండి బావగారూ, వచ్చి గొళ్ళెం బిగించండి!"

"దొంగని ఇంట్లోకి పిలుస్తారా ఎక్కడైనా?"

"మీరు వెళ్ళి కాపలా కూచోండి," అంది నర్సమ్మ పడవలోంచి. "నేను ఎక్కిన పడవ దిగను. రండి వదినా, రండన్నయ్యగారూ. గదులు ఖాళీగా పోతాయి." తాళంకప్ప నోరు తెరిచేలోగా సరంగు గొలుసు విప్పి ఆయన మెడలో వేశాడు. పడవ కదిలింది.

మర్నాడు తెల్లవారుతోంది. నది సముద్రంలో కలిసేచోట సూర్యుడు ఎర్రగా పైకొస్తున్నాడు. నర్సమ్మ రెప్ప వెయ్యకుండా చూసింది. పూర్తిగా పైకొచ్చేదాకా ఫోను మోగుతున్నా తియ్యలేదు.

"గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుక్కూచున్నానే. రాత్రంతా కన్ను మూస్తే ఒట్టు. బావగారిని దొంగనడం నాదే తప్పు, చెప్పు ఆయనకి. తొందరగా తీసుకొచ్చెయ్."

"ఊళ్ళో ఇంకో వడ్రంగి లేడా?"

"తెలియనివాణ్ణి పిలిస్తే, మారు తాళంచెవి చేయించుకోడూ?"

ఆవిడ ఫోను పక్కన పెట్టింది. వడ్రంగి పడవ ముక్కు మీద కాళ్ళు చాపుకుని టీ తాగుతున్నాడు. సెలవు ఇంకా ఒక రోజుంది.

"ఇంకో రాత్రి ఉండొచ్చా?" అని సరంగుని అడిగింది.

"ఇప్పుడు ఆపేవాళ్ళెవరమ్మా?"

ఇంటి గురించి ఆవిడకి బెంగేమీ లేదు. గుమ్మానికి ఉన్న తాళం ఈసారి ఎటూ కదలదు.