రిమార్కుల ప్రక్షాళన

ఏ కార్యాలయమైనా పని లేకుండా కొన్నాళ్లు బతకగలదు గానీ, శుభ్రమైన రిమార్కులు లేకుండా ఒక్క పూట కూడా బతకలేదని 1988 నవంబరులో పశ్చిమ ప్రాంత పత్తి రైతుల సహకార సమితి కనుక్కుంది. కనుక్కున్న వారంలోపే ఆదోని పత్తి కొనుగోలు కేంద్రంలో ఉన్న కంప్యూటరును శుభ్రం చేయడానికి ప్రత్యేకాధికారిని నియమించింది.

ఆ కంప్యూటరును చూసుకునేది హజరా బీ. కర్నూలులో ఆరు నెలలు చదువుకొని వచ్చి ఉద్యోగంలో చేరింది. కేంద్రం మొత్తానికి కూలరు ఉన్నది కంప్యూటరు గదికే. (మేనేజరు అమానుల్లా గారు రోజూ భోజనం కాగానే యంత్రం ఆరోగ్యం విచారించడానికి వచ్చి, గంటన్నరసేపు కళ్లు మూసుకొని విచారించేవారు.)

పొద్దున్నే హజరా మీట వేయగానే ఒక పెద్ద ప్రోగ్రాం లేచి తక్కిన ప్రోగ్రాములను వరుసగా లేపేది. ముందు పత్తి తూచే కాటాకు తగిలించిన పెట్టె, తర్వాత బండ్లకు వరుస నంబర్లిచ్చే టోకెన్లు, ఆ తర్వాత రసీదులు. దాన్ని రాసిన కాశప్ప మంచి జీతం దొరికి బళ్లారి వెళ్లిపోయాడు. పోతూ పోతూ, తన తర్వాత వచ్చేవాళ్ల కోసం ప్రోగ్రాం నిండా రిమార్కులు రాసిపెట్టాడు. రిమార్కు అని మొదలైన వరుసను యంత్రం చదవకుండా దాటేస్తుంది. అది మనుషుల కోసం. యంత్రానికి తెలుగు రాదు కాబట్టి తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. ఒకచోట ఇలా ఉండేది:

"కింది లైను పనికిమాలినదిగా కనపడతాది. తీయొద్దు. కాటా పెట్టె లేసేదాకా ఆగల్ల. ఆగకుండా పోతే టోకెన్లు చెడతాయి."

ఆ కింది లైను చేసే పని ఒకటి నుంచి ఐదు వేల దాకా లెక్కపెట్టడం. అది లెక్కపెట్టేలోపు కాటా పెట్టె లేస్తుంది; అంతకుమించి ఏమీ లేదు.

ప్రత్యేకాధికారి దేవేంద్రప్ప గారు ఎర్ర పెన్సిలుతో దిగారు. ప్రోగ్రామంతా కాగితం మీద అచ్చు వేయించుకొని మొదటి పేజీ చూడగానే ఆయన ముఖం గంభీరమైంది.

"ఇన్ని రిమార్కులు ఎవరి మీదమ్మా?"

"ఎవరి మీదా కాదు సార్. ప్రోగ్రాం చదివేవాళ్ల కోసరం."

"ఎవరు చదువుతారు?"

"నేనే సార్."

"నీకు నువ్వు చెప్పుకునేదానికి సమితి కరెంటు ఎందుకు?"

జవాబు కోసం ఆగకుండా ఆయన సర్క్యులరు తీశారు. దాని ప్రకారం రిమార్కులో వ్యక్తుల పేర్లు ఉండరాదు. 'బహుశా', 'ఎందుకో తెలీదు' వంటి మాటలు రాయరాదు (సమితికి తెలియనిది ఉండదు గనక). 'తీయొద్దు' అని ఆజ్ఞాపించరాదు; చదివేది పైఅధికారి అయితే ఏం కావాలి? అలాంటి చోట్ల 'తీయకుండుటకు ప్రార్థన' అని మార్చాలి. ఇక కార్యాలయ రికార్డులో 'పనికిమాలిన' అనే పదం కనబడితే ఆ రిమార్కు మొత్తాన్నీ కొట్టివేయాలి.

కాశప్ప రిమార్కు మొత్తం పోయింది. కింది లైను దిక్కులేకుండా నిలబడింది.

"దీనికి రిమార్కు లేదే," అన్నారు దేవేంద్రప్ప.

"ఇప్పుడే మీరు కొట్టేస్తిరి కదా సార్."

"రిమార్కు లేని లైను అనధికార లైను. ఇంతకీ ఇది ఏం చేస్తుంది?"

"ఆగుతాది సార్. అదే దాని పని."

(ప్రమోషను కోసం పదకొండేళ్లుగా ఆగిన మనిషికి ఆగడం ఒక పనిగా తోచకపోవడం విచిత్రమే.) ఆయన ఎర్రగీత గీశారు. హజరా, యంత్రం ఆరోగ్యం విచారిస్తున్న అమానుల్లా గారి వైపు చూసింది.

"ఒక్క లైనే కదా బేటీ, పోనీ," అన్నారాయన, కళ్లు తెరవకుండానే.

దేవేంద్రప్ప వెనకే నిలబడి చూస్తుండగా హజరా తన చేత్తోనే ఆ లైను తుడిచేసింది.

మరునాడు మొదటి టోకెను సున్నా వచ్చింది. రెండోదీ సున్నాయే. వరుస నంబరు కాటా పెట్టెలో ఉంటుంది. అది లేవకముందే అడిగితే సున్నా అంటుంది. మొదటిసారి ఏమంటే రోజంతా అదే అంటుంది. ఆస్పరి, ఆలూరు, హాలహర్వి నుంచి వచ్చిన నూట పన్నెండు బండ్లకు నూట పన్నెండు సున్నాలు పంచేసరికి పైన మబ్బు దిగి తుంపర మొదలైంది.

ఆస్పరి ఉరుకుందమ్మ ముందు రోజు నుంచే బండి కట్టుకొని కూర్చుంది. కిటికీలోంచి తన టోకెను చూపించింది.

"ఏం పాపా, అందరికీ సున్నానే ఇచ్చినావే. ముందు ఎవురు పోవల్ల?"

"చేత్తో నంబర్లు రాసిద్దాం సార్," అంది హజరా. కంప్యూటరు వచ్చిన రోజునుంచీ చేతిరాత టోకెన్లు నిషేధమని అమానుల్లా గారు గుర్తుచేశారు. అందరికీ ఒకే నంబరు రావడం సహకార స్ఫూర్తికి విరుద్ధమేమీ కాదని దేవేంద్రప్ప అభిప్రాయపడ్డారు.

"అయితే ఆ లైను మళ్లీ పెడతాను సార్."

"రిమార్కు లేకుండా ఎలా పెడతావు? రిమార్కుకు పైనుంచి ఆమోదం రావాలి. టపాలో నాలుగు రోజులు."

కాటా దాటితేనే షెడ్డు; బయట కాటా దగ్గర తోపులాట మొదలైంది. ఉరుకుందమ్మ తన చీర కొంగు తీసి బండి మీద కప్పడానికి చూస్తోంది. కొంగు ఒక మూలకు కూడా చాలలేదు.

"పత్తి తడుస్తాంది పాపా. తడిస్తే ఎవురూ కొనరు. ఏడాది పంట. నేను నిన్ను ఒక్క మాట అనలేదు, సూడు."

ఆ ఒక్క మాట అనకపోవడమే హజరాను కదిలించింది. లోపలికి వెళ్లి తలుపు గడియ పెట్టింది. దేవేంద్రప్ప తలుపు కొడుతూ ఏదో నిబంధన సంఖ్య చెబుతుండగా, ఆ లైను మళ్లీ కొట్టి, యంత్రాన్ని ఆర్పి వెలిగించింది. యంత్రం ఐదు వేలు లెక్కపెట్టింది. అంతసేపూ హజరా చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చుంది.

ఒకటి వచ్చింది. రెండు వచ్చింది.

ఉరుకుందమ్మకు పందొమ్మిది వచ్చింది. పైవరుస తడిసింది గానీ లోపలి పత్తి పొడిగానే కాటా ఎక్కింది. వాన గట్టిగా పట్టుకునేసరికి అన్ని బండ్లూ షెడ్డులోకి చేరాయి.

రిమార్కు లేని లైనును ప్రవేశపెట్టినందుకు వారం తర్వాత హజరాకు మెమో వచ్చింది. దాంతోపాటే ఆ లైనుకు ఆమోదించిన రిమార్కు కూడా వచ్చింది: "ఈ పంక్తి ప్రయోజనము ఉన్నతాధికారులకు తెలియును." హజరా దాన్ని అక్షరం పొల్లుపోకుండా ఎక్కించింది.

దేవేంద్రప్ప గారికి ప్రమోషను వచ్చింది. హజరాను ఎమ్మిగనూరు కేంద్రానికి బదిలీ చేశారు. అక్కడికి కంప్యూటరు ఇంకా రాలేదు. దాని రిమార్కులు మాత్రం ఆమోదం పొంది ముందే వచ్చేశాయి.