ఖాళీ ఆకు మర్యాద

ఆ ఆదివారం మునియ్య పడుకోవాలనుకున్నాడు. గొప్ప కోరికేం కాదు. వారమంతా నవువా ఏటి ఒడ్డున చెరకు నరికి, తెల్లవారకముందే గంట కొడితే లేచే, ఒప్పందం మీద ఫిజీకి ఓడెక్కి వచ్చిన గిర్మిట్ కూలీకి ఆ ఒక్క మధ్యాహ్నమే మిగులుతుంది. ఇంత అన్నం తిని, దీపాలవేళ దాకా లేవకూడదని నిశ్చయించుకున్నాడు. చాప పరిచాడు కూడా.

అప్పుడే గుమ్మంలో నీడ పడింది. ఏటి అవతలి ఫిజీ ఊరి పెద్ద సైరూసి, భుజాన చామదుంపల మోపుతో నవ్వుతూ నిలబడ్డాడు. మొన్న ఏట్లో కొట్టుకుపోతున్న అతని పడవను మునియ్య పట్టి కట్టాడు. అందుకు ఈ కానుక.

దుంపలు పుచ్చుకుని పంపేస్తే గొడవే లేదు. కానీ భోజనం వేళకు గుమ్మం తొక్కినవాణ్ణి ఒట్టి కడుపుతో పంపడం మునియ్య వంశంలో లేదు. ఆ వంశం ఇప్పుడు కూలీ లైన్లో, ఆ వరస గదుల్లో ఒకదానికి దిగినా సరే.

"ఒలే పార్బతీ, ఆకెయ్యి."

"మనిద్దరికే వండినాను, మావా," అంది భార్య మెల్లగా.

"మనం తరవాత తిందుం."

సైరూసి తిన్నాడు. ఆకు నున్నగా తుడిచి "వినాకా" అన్నాడు. ఆ మాటకు బాగుందని అర్థమని మునియ్యకు తెలుసు. బాగుందన్న అతిథి ముందు ఖాళీ ఆకు చూస్తూ కూర్చునేవాడు మనిషేనా? మళ్లీ వడ్డించాడు. పెట్టింది మిగల్చడం సైరూసి ఊళ్లో ఇంటివాళ్లను తిట్టినంత పని. మళ్లీ తుడిచాడు.

కుండ అడుగంటింది. వారానికని ఉంచిన బియ్యంలో చెయ్యి పెట్టక తప్పలేదు. పార్బతి పొయ్యి రాజేసి, పొగకో మరి దేనికో కళ్లు తుడుచుకుంది. పక్కగది చంద్రవతి కప్పుదాకా లేని సగం గోడ మీదుగా పప్పు అందించింది. పరువు ఒక్క గదిది కాదు కదా, లైనంతటిదీ. సైరూసి చెమటలు కక్కుతూ తింటున్నాడు, మునియ్య ఆవులింతలు మింగుతూ వడ్డిస్తున్నాడు. చూస్తే ఇద్దరి మీదా జాలేస్తుంది.

చివరికి లైన్లో ఫిజీవాళ్ల మాట కొంచెం వచ్చిన వేలు తాత తొంగిచూశాడు.

"ఒరే మునియ్యా, ఆయన నీ మొహం చూసి తింటున్నాడురా. పెడితే మిగల్చకూడదంట. ఇంక ఆపు."

"ఆకు కాళీగా కనబడతంటే ఎలాగ ఆపీది, తాతా?"

"కళ్లు మూసుకో."

"పొద్దున్నుంచీ అదే కదా అనుకుంతన్నాను."

సైరూసిని చెరోపక్కా పట్టి లేపారు. అతను గద్గదంగా ఏదో చెప్పి వెళ్లిపోయాడు. మునియ్య చాప మీద వాలాడు. బియ్యం సంచి అడుగు కనబడుతోంది, ఈ వారమంతా దుంపలే గతి. అయినా కన్ను మూతపడబోయింది. వేలు తాత మాత్రం గడప దగ్గరే నిలబడి తల గోక్కుంటున్నాడు.

"ఆయన పోతా పోతా ఏమన్నాడో తెలుసునా?"

"ఏటన్నాడు?"

"ఇంత మర్యాదకి బదులు తీర్చకపోతే మా ఊరి పరువు పోతాది అన్నాడు."

పొద్దు వాలకముందే సగం ఊరు ఏరు దాటి వచ్చింది. చేపలు, దుంపలు, వాటి వెనకే యంగోనా కలిపే కొయ్య తొట్టి. వేరు దంచి కలిపిన ఆ మట్టిరంగు నీళ్లు కొబ్బరిచిప్పలో మొదట మునియ్యకే ఇచ్చారు. మిగల్చకూడదని ఇప్పుడు తెలుసు కనుక అడుగుదాకా తాగాడు. నాలుక మొద్దుబారింది. ఖాళీ చిప్ప చూసి సైరూసి ఆదరంగా మళ్లీ నింపాడు.

"ఇలాగ నింపడం ఈయనకెవులు నేర్పినారు, తాతా?" అన్నాడు మునియ్య నీరసంగా.

"నువ్వే గదరా, మధ్యాన్నం."

ఆ ఆదివారం లైన్లో కంటినిండా నిద్రపోయింది మర్యాద తెలియని కుక్క ఒక్కటే.