ఒక చెయ్యికి ఆరు చేతుల సాయం

మీ కుడిచెయ్యి బాగానే పనిచేస్తోందా? అయ్యో పాపం!

నాది పనిచేయదు. నా అదృష్టం చూసి కుళ్ళుకోకండి మరి. ఆరు నెలల కిందట పక్షవాతం వచ్చింది. కాలు తిరిగొచ్చింది. మాట మొదట్నుంచీ నెమ్మదే కాబట్టి దానికేమైందో ఎవరికీ తెలియలేదు. కుడిచెయ్యి మాత్రం ఒళ్ళో పిల్లిలా పడుకుంది. అప్పట్నుంచి నాకు పట్టిన రాజభోగం ఏమని చెప్పను!

నలభై ఏళ్ళు బట్టలు కుట్టాను. ఊళ్ళో ఎందరి చొక్కాలకో గుండీలు కుట్టాను. ఒక్కడైనా నా చొక్కాకి గుండీ పెట్టాడా? ఇప్పుడు చూడండి! పొద్దున్నే మా ఆవిడ పైనుంచి, కోడలు కిందనుంచి మొదలుపెడతారు. మధ్య గుండీ దగ్గర ఇద్దరూ కలుసుకుంటారు. టీ కప్పు వైపు చూస్తే చాలు, అదే నోటి దగ్గరికొస్తుంది. ముక్కు కాస్త ముడిస్తే మా అబ్బాయి పరిగెత్తుకొచ్చి గోకుతాడు, దురద లేని వైపు. ఇది రాసిపెడుతున్న మనవరాలైతే, నేను మాట వెతుక్కునే లోపలే తన మాటొకటి రాసేస్తుంది. ఎంత ప్రేమ!

ఇంత సుఖంగా ఉన్నవాణ్ణి ఆస్పత్రికి లాక్కెళ్ళారు.

అక్కడ డాక్టరమ్మ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, పెద్ద గరిటెలాంటిదొకటి తలకి ఆనించింది. "ఇది అయస్కాంతం తాతగారూ. మెదడులో చెయ్యిని ఆడించే చోటుంటుంది. దాన్ని తట్టి లేపుతుంది" అంది. టక్, టక్, టక్! వడ్రంగిపిట్ట మాను పొడిచినట్టే. ఇందులో వింతేముంది? యాభై ఏళ్ళుగా మా ఆవిడ అయస్కాంతం లేకుండానే ఆ పని చేస్తోంది!

కానీ ఒకటి చెప్పాలి. ఆ టక్‌కి నా బొటనవేలు ఎగిరింది. నేను ఎగరమనలేదు. ఆరు నెలలుగా చచ్చినట్టు పడున్న వేలు! దానికి కత్తెర గుర్తొచ్చిందేమో అనిపించింది.

అంతటితో వదిలారా? తల వేడి మీదుండగానే ఇంకో అమ్మాయి వచ్చి, చెక్క కప్పులు ఇటునుంచి అటు పెట్టమంది. మళ్ళీ అటునుంచి ఇటు. గంటసేపు!

"మిషనే బాగుచేస్తుంది కదమ్మా, ఈ కప్పుల గోలెందుకు?" అని డాక్టరమ్మనడిగాను.

"కుట్టుమిషన్‌కి నూనె వేసి వదిలేస్తే చొక్కా తయారైపోతుందా తాతగారూ? తొక్కొద్దూ?"

నా పనితోనే నా నోరు మూయించింది!

ఇంట్లో కూడా ఆ చెయ్యి వాడాలట. ఎన్నిసార్లు కదిలిందో లెక్కపెట్టే బ్యాండొకటి మణికట్టుకి కట్టింది. ఇరవై సిట్టింగులయ్యాక అంకె చూస్తుందట. బాగుంటే ఇక రానక్కర్లేదు, ఆ కుర్చీ కోసం బయట బోలెడుమంది ఎదురుచూస్తున్నారు.

ఇంటికొచ్చి కప్పు మీద చెయ్యి వేశాను.

"వద్దు నాన్నా, ఒలికిపోతుంది!" అబ్బాయి లాక్కున్నాడు.

తువ్వాలు మడతపెట్టబోయాను.

"ఇటివ్వండి మామయ్యా, నేనున్నానుగా!" కోడలు లాక్కుంది.

సాయంత్రానికి బ్యాండులో అంకె చూసి మా ఆవిడ గుండె బాదుకుంది. "ఇంత తక్కువా! నేను మిమ్మల్ని సరిగ్గా చూసుకోవట్లేదనుకోదూ ఆ డాక్టరమ్మ? ఇటు తెండి!"

బ్యాండు ఊడదీసి తన చేతికి పెట్టుకుంది. నేను "అది... నాది..." అనేలోపల వీధిలో ఉంది.

ఆ రోజునుంచీ నా చెయ్యి చేసిన కష్టం అంతా ఇంతా కాదు! నేను కునుకు తీస్తుంటే ఇల్లంతా ఊడ్చింది. దుప్పట్లు ఉతికింది. పక్కింటావిడతో మాట్లాడేటప్పుడైతే గాల్లో ఎన్ని తిప్పులు తిప్పిందో ఆ దేవుడికే తెలియాలి!

ఇరవయ్యో సిట్టింగు నాడు డాక్టరమ్మ కంప్యూటర్ చూసి ఎగిరి గంతేసింది. "తాతగారూ, ఇంత మెరుగు నేనెక్కడా చూడలేదు! ఇక ఆపేద్దాం!"

అప్పుడే ఆపేస్తే ఎలా? పట్టుకునే చెయ్యి లేక కత్తెర ఇంకా మా అల్మారాలోనే ఉంది మరి.

"ఏదీ, ఒక్క గుండీ పెట్టి చూపించండి."

నా వేళ్ళు గుండీ దాకా వెళ్ళాయి. అక్కడే ఆగాయి. ఇంతలో వెనకనుంచి రెండు చేతులొచ్చి ఠక్కున గుండీ పెట్టేశాయి. మా ఆవిడవి! ఒకదానికి బ్యాండు అలాగే ఉంది!

డాక్టరమ్మ బ్యాండు వంక చూసింది. మా ఆవిడ వంక చూసింది.

"ఆయన అలిసిపోతారని నేనే పెట్టుకున్నానమ్మా. ఎవరి చెయ్యైతేనేం, ఒకింట్లోవాళ్ళమేగా!"

"బామ్మగారూ, మీ చెయ్యికి ఏ ఢోకా లేదు" అని, నవ్వాపుకుంటూ నాకు ఇంకో పన్నెండు సిట్టింగులు రాసింది డాక్టరమ్మ.

ఇవాళ పొద్దున గదికి లోపల గడియ పెట్టుకున్నాను. గుండీ నేనే పెట్టాను. ఒకే ఒక్క గుండీ! బయట టీ చల్లారి తొరక కట్టేంతసేపు పట్టింది. పై గుండీ రెండో కాజాలో పడి చొక్కా ఓ పక్కకి ఎగదన్నింది. నా దగ్గర పనిచేసేవాడెవడైనా అలా చేస్తే నెత్తిన మొట్టేవాణ్ణి. కానీ నలభై ఏళ్ళలో అంత అందంగా పడిన గుండీ నేను చూడలేదు.

తలుపు తీసి బయటికొచ్చాను.

"అయ్యయ్యో!" అన్నాయి మూడు గొంతులు. ఆరు చేతులు నా గుండీ మీద పడ్డాయి. 'ఆగండి' అనే మాట నా నోటిదాకా వచ్చేసరికి, అది సరైన కాజాలో ఉంది.

డాక్టరమ్మా, కదలని చెయ్యిని కదిలించే మిషన్ మీ దగ్గరుంది, సంతోషం. కదిలే చేతుల్ని కాసేపు ఆపే మిషన్ కూడా ఉందా తల్లీ? ఉంటే చెప్పు. మూడు తలలు వెంటబెట్టుకుని రేపే వస్తాను.