అయిదు పెద్దదా, రెండు పెద్దదా?

పాఠక మహాశయులారా! మైలేజీ లెక్కను మించిన వరం ఈ లోకంలో లేదు. ఎవరు ఏ బండి కొనాలనుకుంటే ఆ బండే కొనమంటుంది. పైగా పొదుపు చేశామన్న తృప్తి ఉచితం!

నాకో లాండ్రీ ఉంది. రెండు హోటళ్ళ దుప్పట్లు మేమే ఉతుకుతాం. వాటిని మోసే వ్యాను మా బావమరిది నడుపుతాడు. దాని తలుపు ఊడిపోకుండా తాడుతో కట్టాం. ఎత్తు ఎక్కాలంటే మాత్రం దుప్పట్లు దించి, తోసి, మళ్ళీ ఎక్కించాలి. ఇక నా కారంటారా, రోజూ నన్ను ఇంటి నుంచి లాండ్రీకి మోస్తుంది. నేనేమైనా తక్కువ బరువా?

కొత్త బండి ఒక్కటే కొనగలం. ఏది మార్చాలి? పక్షపాతం లేకుండా లెక్క వేశాను. వ్యాను లీటరుకి ఆరు కిలోమీటర్లు ఇస్తుంది, కొత్తదైతే ఎనిమిది. లాభం రెండు. కారు పదిహేను ఇస్తుంది, కొత్తదైతే ఇరవై. లాభం అయిదు! ఏది పెద్దదో చంటిపిల్లాడిని అడిగినా చెబుతాడు.

"వ్యాను రోజుకి ఇరవై లీటర్లు తాగుతోంది బావా. మీ కారుకి వారానికి అయిదు కూడా పట్టవు" అన్నాడు బావమరిది, నడుం పట్టుకుని.

నడుంనొప్పి ఉన్నవాళ్ళతో లెక్కల గురించి వాదించకూడదు.

"వ్యాను మన పొట్ట నింపుతోందండీ, కారు మీ ముచ్చట తీరుస్తోంది. దుప్పట్లు ఇంకోసారి ఆలస్యమైతే మానిపిస్తామని పెద్ద హోటలువాళ్ళు చెప్పనే చెప్పారు!" అంది మా ఆవిడ. తమ్ముడి మీద ఎంత మమకారమో చూడండి!

కారు కొన్నాను. ఏం కారండీ! మీట నొక్కితే సీటు వెచ్చబడుతుంది. నడుంనొప్పికి మహా మంచిదట. ఆ మాట బావమరిదికి చెబితే ఎందుకో సంతోషించలేదు.

ఆ వారంలోనే వ్యాను నడిరోడ్డు మీద మొరాయించింది. పెద్ద హోటలు పోయింది. చిన్నదైనా దక్కాలి కదా? తలుపుకి కట్టిన తాడు విప్పి, దానితోనే వ్యానుని కారుకి కట్టి లాగిస్తున్నాం. కారు బావమరిది నడుపుతాడు. వ్యానులో నేను ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో తలుపు పట్టుకుని కూర్చుంటాను. వాడికి నడుంనొప్పి తగ్గింది, నాకు పట్టుకుంది.

నిన్న మళ్ళీ లెక్క వేశాను. కారు లీటరుకి నాలుగే ఇస్తోంది. వ్యాను చుక్క డీజిలు తాగకుండా ఊరంతా తిరుగుతోంది!

అంత మైలేజీ ఇచ్చే వ్యానుని ఎవరైనా మారుస్తారా? మార్చాల్సింది కారునే!